దుర్భిణిలో అమ్మ

మా ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ముప్ఫై నాలుగేళ్ళు సర్వేయరుగా మూడుకాళ్ళ స్టాండు మీద దుర్భిణి బిగించి, ఒక కన్ను మూసి, ఊళ్ళన్నీ కొలిచిన మనిషి. నాలుగో కాలు ఒకటుంటుందని ఆయనకి చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. నేనేమో బట్టల మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. నేసిన బట్ట మీద వేలెడంత భూతద్దం ఆనించి అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని అని లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఆయనకి దూరం తప్ప కనపడదు, నాకు దగ్గర తప్ప కనపడదు. మధ్యలో ఉన్నవేవీ ఇద్దరికీ కనపడకపోబట్టి కాపురం సాఫీగా సాగిపోయింది.

అలాంటి మేమిద్దరం కలిసి మనవరాలి ఎనిమిదో పుట్టినరోజుకి దుర్భిణి, మైక్రోస్కోపు ఒకే పెట్టెలో వచ్చే పిల్లల సెట్టు కొనడానికి బయల్దేరాం. ఇక చూసుకోండి.

మనవరాలిని ఇంట్లో అందరం పిడుగనే అంటాం. దాని నాన్న, అంటే మా అల్లుడు, లారీ డ్రైవరు. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. దాని అమ్మ, అంటే మా అమ్మాయి, మూడు వారాల కిందటే టవర్ క్రేన్ ఎక్కింది. ఎక్కడమంటే చూసొద్దామని కాదు, నడపడానికే. ఏడాదిపాటు శిక్షణ తీసుకుని, పద్నాలుగుమంది మగపిల్లల్లో ఒక్కతే ఆడపిల్లగా నిలిచి, పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకుని మరీ ఎక్కింది. మా డాబా మీద నిలబడితే నాలుగు వీధుల అవతల కడుతున్న భవనం పక్కన ఆ క్రేనూ, దాని మెడ దగ్గర అగ్గిపెట్టెంత గదీ కనిపిస్తాయి. మా అమ్మాయి ఆ అగ్గిపెట్టెలో కూర్చుంటుంది.

మొదటి రోజునుంచే పిడుగు తిండి మానేసింది. పేచీ లేదు, ఏడుపు లేదు. "అమ్మ కిందకి దిగాక తింటా" అంటుంది, అంతే. బడికి పంపిన డబ్బా పంపినట్టే తిరిగొస్తుంది. సెలవు రోజైతే డాబా మీద పిట్టగోడ పట్టుకుని నిలబడుతుంది. బుజ్జగించాం, బెదిరించాం, కథలు చెప్పాం, లంచాలు చూపించాం. సాయంత్రం ఆరింటికి తల్లి గుమ్మంలో కాలు పెట్టాకే అది కంచం ముందు కూర్చునేది. పిల్ల మూడు వారాల్లో చీపురుపుల్లయింది.

పుట్టినరోజుకి వారం ముందు ఆరిన బట్టలు మడతపెడుతూ మా అమ్మాయి అంది, "శనివారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే సోమవారం సూపర్‌వైజరుతో మాట్లాడి కింద స్టోర్సులో పని అడుగుతా."

తల ఎత్తకుండా అంది. ఎత్తితే ఏడుస్తుందని నాకు తెలుసు. మూడేళ్ళప్పుడే బీరువా ఎక్కి కూర్చున్న పిల్ల అది. అక్కడి నుంచి దాన్ని దింపడానికి నానా తంటాలు పడ్డాను, ఇప్పుడు తనంతట తనే దిగుతానంటోంది.

మా ఆయనే ఉపాయం చెప్పారు. "పిల్లకి అమ్మ కనపడకపోవడమే జబ్బు. కనపడితే తగ్గిపోతుంది. దుర్భిణి కొందాం. వాళ్ళమ్మ కుర్చీలో బెల్టు పెట్టుకుని నిక్షేపంలా కూర్చోవడం కళ్ళారా చూస్తుంది."

"మైక్రోస్కోపు కొనాలి. పెన్సిల్ డబ్బాలో చచ్చిన పేడపురుగుని దాచుకునే పిల్లకి నక్షత్రాలెందుకు?" అన్నాను నేను. అన్నాక గుర్తొచ్చింది, ఇక్కడ గొడవ నక్షత్రాల గురించి కాదని. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదు. అందుకే రెండూ కలిసిన సెట్టు కొనాలని తీర్మానమైంది.

శుక్రవారం సాయంత్రం బడుల ప్రయోగశాలలకి సామాను అమ్మే షాపుకెళ్ళాం. కౌంటర్లో పొడుగాటి ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి ఉంది. మంచి పిల్ల. "పెట్టె మీద ఐదు వందల రెట్లు పెద్దగా కనిపిస్తుందని రాసుంటుంది, అది నమ్మకండి. అంకె పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. ముందున్న అద్దం ఎంత వెడల్పుందో, స్టాండు ఊగుతుందో లేదో చూసుకోండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, కళ్ళు పోతాయి" అని చక్కగా చెప్పింది.

క్రేను మా ఇంటికి ఉత్తరాన ఉంది కాబట్టి ఆ భయం లేదు. రెండు సెట్లు తేలాయి. ఒకటి పచ్చపెట్టె, ఒకటి నీలంపెట్టె. పచ్చపెట్టెలో అదనంగా ఒక పొట్టి గొట్టం ఉంది.

"ఊళ్ళో వస్తువులు చూడ్డానికైతే ఈ గొట్టం ఉండాలి తాతగారూ. అది లేకపోతే బొమ్మ..." అని ఆ అమ్మాయి మొదలుపెట్టింది.

మా ఆయన చెయ్యెత్తారు. "అమ్మాయీ, నువ్వు పుట్టకముందు నుంచీ నేను దుర్భిణిలో చూస్తున్నాను. తప్పుకో."

రెండూ గుమ్మం దగ్గర నిలబెట్టి ఎదురు వీధిలో బోర్డు చూశారు. నీలంపెట్టె దగ్గర ఆయన మొహం వెలిగిపోయింది. బోర్డు మీది పేరు, కింద సన్నక్షరాల్లో ఉన్న ఫోన్ నంబరుతో సహా గడగడా చదివేశారు. "ఇదీ దుర్భిణంటే! ఆ గొట్టం పెడితే బొమ్మ మబ్బు పట్టినట్టుంది."

"మీకు చూడ్డానికి ఇబ్బందిగా లేదా తాతగారూ?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యంగా అడిగింది.

"ఇబ్బందా? ప్రాణానికి హాయిగా ఉంది!"

ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి వివరంగా చెప్పేదే. కానీ వెళ్ళడానికి వీల్లేదు. ఎందుకంటే అప్పటికే దాని ఏప్రన్ కొస నేను మైక్రోస్కోపు కింద బిగించేశాను. అలవాటు, ఏం చెయ్యను? బట్ట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఫోకసు మర సాఫీగా తిరుగుతోంది, దీపం బాగా పడుతోంది, పోగులు తాళ్ళల్లా కనిపిస్తున్నాయి. కదలకు కదలకు అంటూ పేక పోగులు రెండుసార్లు లెక్కపెట్టాను. "ఎవరమ్మా నీకీ బట్ట అంటగట్టింది? అంగుళానికి పది పోగులు ఎగ్గొట్టారు!" అని నేను ఆవేశపడేసరికి పాపం తను చెప్పాలనుకున్నది మర్చిపోయింది. నీలంపెట్టె చంకలో పెట్టుకుని యుద్ధం గెలిచినవాళ్ళలా ఇంటికొచ్చాం.

శనివారం, పుట్టినరోజు. మా అమ్మాయి తెల్లారకుండానే పనికెళ్తూ పిడుగు దిండు పక్కన చీటీ పెట్టి వెళ్ళింది. పన్నెండున్నరకి భోజనాల వేళ క్రేను ఆపి, గది బయట చుట్టూ కటకటాలున్న ఇనప అరుగు మీదకొచ్చి, రెండు చేతులూ ఊపుతానని రాసింది. బెల్టు పెట్టుకునే వస్తానని దాని కింద రెండు గీతలు గీసింది.

పొద్దుటంతా ఇల్లు తిరునాళ్ళయింది. పిడుగు ఉప్పురాయి పెట్టి చూసింది, దుమ్ము పెట్టి చూసింది, పేడపురుగు కాలు పెట్టి చూసింది. నిద్రపోతున్న తాతయ్య మీసంలోంచి ఒకటి పీకి, "అమ్మమ్మా, తాతయ్య మీసం మోకులా ఉంది!" అని అరిచింది. ఆయన లేచి తిట్టబోయి, తన మీసం తను చూసుకుని మురిసిపోయారు. తర్వాత డాబా మీద స్టాండు నిలబెట్టి, నీటి బుడగ పెట్టి మట్టం సరిచూసి, "ఐదు వందల ఎనభై మీటర్లు. తేడా వస్తే రెండు మీటర్లు" అని ప్రకటించారు. క్రేను ఎంత దూరమని ఆయన్నెవరూ అడగలేదు.

పన్నెండున్నరయింది. క్రేను చెయ్యి ఆగింది. మా ఆయన కన్ను ఆనించి మర తిప్పారు. "వచ్చింది! పసుపు కోటు, హెల్మెట్టు! చేతులూపుతోంది తల్లీ, చూడు!"

పిడుగు కన్ను పెట్టింది. తర్వాత పెట్టిన కేకకి పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసింది.

"అమ్మ వేలాడుతోంది! తలకిందులుగా వేలాడుతోంది! నన్ను పిలుస్తోంది!"

దడదడా మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను పరిగెత్తి గొట్టంలో చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరంతా ఆకాశానికి కట్టిన తోరణంలా కిందకి వేలాడుతోంది. వాటర్ ట్యాంకు కిందకి, కిటికీలు కిందకి, మబ్బులు ఇంకా కిందకి. వాటన్నిటి మధ్య నా కూతురు కాళ్ళు పైకి, తల కిందకి పెట్టి, కాపాడండి అన్నట్టు రెండు చేతులూ ఊపుతోంది. మామూలు కంటితో చూస్తే నిక్షేపంలా నిలబడి ఉంది. అంతా అద్దం మాయ.

"ఏమండీ! ఇది తలకిందులుగా ఉంది!"

"ఏది తలకిందులు?" అని మా ఆయన మళ్ళీ చూశారు. చాలాసేపు చూశారు. "ఓహో. అవును. ఉంది సుమా."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి పాత సర్వే దుర్భిణులన్నిట్లో బొమ్మ తలకిందులుగానే కనిపించేదట. కూలీ పట్టుకున్న కొలతకర్ర మీద అంకెలు తలకిందులుగానే చదివేవారట. మొదటి నెల తలనొప్పి వచ్చింది, రెండో నెలనుంచి బుర్రే తిప్పుకోవడం నేర్చుకుంది. షాపులో బోర్డు కూడా అలాగే చదివేశారు. ముప్ఫై నాలుగేళ్ళు లోకాన్ని తలకిందులుగా చూసి, తిన్నగా ఉందని జీతం తీసుకున్న మనిషిని నమ్మి పిల్లకి దుర్భిణి కొన్నాను. నన్ననాలి.

పిడుగు మంచం కిందికి దూరింది. తాతయ్య వంగి, "అది అద్దంలో అలా కనపడుతుంది తల్లీ, నిజం కాదు" అంటే వినదు. "మీరందరూ అబద్ధాలు చెప్తారు. నేను చూశా" అంటుంది. నిజమే కదా, కళ్ళారా చూస్తే నమ్ముతావని చెప్పిందీ మేమే. పన్నెండున్నర దాటి ఎనిమిది నిమిషాలైంది. ఒంటిగంటకి క్రేను మళ్ళీ కదులుతుంది. ఈ పూట ఇలా పోతే సోమవారం మా అమ్మాయి స్టోర్సులో మేకులు లెక్కపెట్టుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. కోపమొస్తే పని చెయ్యగలను.

మైక్రోస్కోపు ఎత్తి మంచం కిందికి తోశాను. నేనూ పాకుతూ దూరాను. పెట్టెలో వచ్చిన కాగితంలోంచి ఒక సన్నక్షరం కత్తిరించి దాని చేతిలో పెట్టాను. "ఇది తిన్నగా పెట్టి చూడు."

పెట్టింది. చూసింది. "తలకిందులుగా పెట్టావు."

"పెట్టింది నువ్వు."

కన్ను తీసి కాగితం చూసింది. తిన్నగానే ఉంది. గొట్టంలో చూసింది. తలకిందులు. పక్కనుంచి చూసింది, కిందనుంచి చూసింది, మళ్ళీ పైనుంచి చూసింది. కాగితాన్ని కుడికి జరిపితే గొట్టంలో ఎడమకి పోతోంది. ఇవతలికి లాగితే అవతలికి పోతోంది. అప్పటిదాకా నాకూ తెలీదు. షాపులో నేను చూసింది నేత, నేత ఏ వైపునుంచి చూసినా నేతే. మొగుడు ఒక తప్పు చేస్తే పెళ్ళాం అదే తప్పు పక్కనే నిలబడి చేసింది. ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

పిడుగు ఇంకోసారి కాగితం జరిపింది. ముందు ముక్కుతో నవ్వింది, తర్వాత పొట్టతో నవ్వింది. "అమ్మమ్మా, ఈ గాజుకి బుద్ధి లేదు! అంతా తిరకాసుగా చూపిస్తోంది!"

"మరి? పైనున్న గాజూ దీని చెల్లెలే."

నవ్వు ఆగింది. కళ్ళు చిట్లించి ఆలోచించింది. "అయితే నేను తలకిందులైతే అమ్మ తిన్నగా అయిపోతుందిగా?"

నేను జవాబు ఆలోచించేలోపు అది మెట్ల మీద ఉంది.

డాబా మీద పాత చెక్కబల్ల ఒకటుంది. దాన్ని ఈడ్చి స్టాండు వెనక పెట్టాం. బడిలో నేర్చుకున్న విద్య కదా, పిడుగు బల్ల మీద చేతులాన్చి కాళ్ళు పైకి లేపేసింది. మా ఆయన రెండు మడమలూ పట్టుకున్నారు. "కొలతకర్ర పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకోండి!" అని నేను. "ముప్ఫై నాలుగేళ్ళు పట్టించాను, నాకు చెప్తావా!" అని ఆయన. నేను మోకాళ్ళ మీద కూలబడి గొట్టాన్ని దాని కంటికి ఆనించాను. గౌను మొహం మీద పడుతుంటే పళ్ళతో పట్టుకుంది.

"కనపడిందా?"

"ఊఁ... ఊఁ... తిన్నగా!" గౌను నోట్లోంచి జారిపోయింది. "అమ్మ తిన్నగా కూర్చుంది! కుర్చీలో! బెల్టుంది అమ్మమ్మా, ఎర్ర బెల్టు! డబ్బా మూత తీస్తోంది!"

నా కళ్ళల్లో నీళ్ళు. మా ఆయన మీసాలు వణుకుతున్నాయి, పిల్ల బరువుకో ఆనందానికో తెలీదు.

"లేచింది! నన్ను చూసింది! రెండు చేతులూ ఊపుతోంది! తాతయ్యా, అమ్మ గంతులేస్తోంది!"

అంతలో నాలుగు వీధులు అదిరిపోయేలా క్రేను హారన్ మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి పొడుగ్గా.

"నా పుట్టినరోజుకి హారన్ కొట్టింది!" అని పిడుగు గాల్లో కాళ్ళు టపటపా ఆడించింది. నాకూ గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా. మా ఆయన పిల్లని వదల్లేక ఉన్నచోటే ఊగారు. హారన్ ఇంకా గట్టిగా మోగింది. మేం ఇంకా గట్టిగా అరిచాం. పక్కింటావిడ కిటికీ తీసి చూసి, భయపడి వేసేసుకుంది.

ఒంటిగంట పదికి పిడుగు కంచం ముందు కూర్చుంది. పిలవకుండా. రెండుసార్లు పెట్టించుకుని తింది. మూడు వారాల తర్వాత మధ్యాహ్నం పూట ఆ పిల్ల నమలడం చూస్తూ నేను తినడం మర్చిపోయాను.

సాయంత్రం ఆరింటికి ముగ్గురం గుమ్మంలో వరసగా నిలబడ్డాం, బహుమతి అందుకోబోతున్నవాళ్ళలా. మా అమ్మాయి హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"నాన్నా! మతి పోయిందా నీకు? అమ్మా, నీకేమైంది? అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ చూద్దును కదా, డాబా అంచున బల్ల, బల్ల మీద గాల్లో నా పిల్ల కాళ్ళు! పక్కన మీరిద్దరూ పళ్ళికిలిస్తున్నారు! దింపండి, దింపండి అని చేతులు పడిపోయేలా ఊపాను. హారన్ కొట్టాను. కొట్టిన కొద్దీ మీరు గంతులేస్తారేం!"

మా ఆయన గొంతు సన్నగా వచ్చింది. "మేం... పుట్టినరోజుకి కొట్టావనుకున్నాం."

"భోజనాల టైములో హారనేంటని సూపర్‌వైజరు అడిగితే ఏం చెప్పను? నా కూతుర్ని మా నాన్న తలకిందులుగా వేలాడదీశాడని చెప్పనా?"

డబ్బా తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది. మూత ఊడింది. పెట్టింది పెట్టినట్టే ఉంది.

పిడుగు దగ్గరికొచ్చి తొంగిచూసింది. "అమ్మా, తినలేదా?"

"ఎలా తింటానే? నువ్వెక్కడ పడిపోయావో అని ముద్ద గొంతు దిగితేగా! ఇంటికొచ్చి నిన్ను కళ్ళతో చూసేదాకా నాకు..."

అక్కడ ఆగిపోయింది.

"నాకూ అలాగే అమ్మా," అంది పిడుగు మెల్లిగా. "రోజూ."

మా అమ్మాయి నిలబడ్డచోటే కూలబడింది. పిల్లని గట్టిగా పట్టుకుంది. నాకు సిగ్గేసింది. తినమని మూడు వారాలు వెంటబడ్డాం గానీ, తినకపోతే నీకు లోపల ఎలా ఉంటుందే అని ఒక్కరం కూడా దాన్ని అడగలేదు.

"నేను పడలేదుగా," అంది పిడుగు తల్లి భుజం మీంచి. "తాతయ్య గట్టిగా పట్టుకున్నాడు."

"నన్నూ బెల్టు అంత గట్టిగానే పట్టుకుంటుంది తల్లీ."

"తెలుసు. ఎర్రది. చూశా."

నాకు నోరు ఊరుకోదు కదా. తెలుసుకోకపోతే ప్రాణం నిలవదు. "మరి సోమవారం సూపర్‌వైజరుతో మాట్లాడతానన్నావు?" అన్నాను.

మా అమ్మాయి పిల్ల వైపు చూసింది. పిల్ల డబ్బా దగ్గరికి లాక్కుని, చల్లారిపోయిన ముద్ద ఒకటి కలిపి, తల్లి నోటి దగ్గర పెట్టింది.

"మాట్లాడమ్మా," అంది. "ఇంకెప్పుడూ భోజనాల టైములో హారన్ కొట్టనని చెప్పు. ఇప్పుడు నోరు తెరు."